కిందికి వంగితే చాలదు: అండర్-13 అమ్మాయిలకు డిఫెన్స్ అడుగులు నేర్పిన ఒక కేస్ స్టడీ

కోస్తా ఆంధ్రలోని ఒక మున్సిపల్ హైస్కూలు అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఇది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు, అందరూ కలిసి డజను మంది దాకా ఉంటారు. అండర్-13 పోటీలకు వీళ్లను సిద్ధం చేయమని ఆ స్కూలు పీడీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) గారు కోచ్‌గా నన్ను పిలిచారు. ఆయన తన బాధ రెండు ముక్కల్లో చెప్పారు: "బంతి వేయడం వచ్చు సార్, ఆపడమే రాదు. క్వార్టర్ సగం కాకముందే ఫౌళ్లు నిండిపోతాయి. చేతులు ఊరుకోవు."

ఫౌళ్లు నిండటం అంటే ఏమిటో ఆట తెలియనివారి కోసం ఒక మాట. ఆటలో నాలుగో వంతైన ఒక క్వార్టర్‌లో జట్టు మొత్తానికి నాలుగు ఫౌళ్లు చెల్లుతాయి. ఐదో ఫౌల్ నుంచి ఎదుటి జట్టుకు రెండేసి ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే షాట్లు. ఒక్కొక్కరికీ విడిగా ఐదు ఫౌళ్లయితే ఆ మ్యాచ్‌లో ఇక బెంచీయే గతి. ఈ వయసు పిల్లలకు ఫ్రీ త్రోలు అంతగా పడవు కాబట్టి స్కోరులో నష్టం వెంటనే కనిపించదు. అసలు నష్టం వేరే చోట జరుగుతుంది. బాగా ఆడే అమ్మాయిలు మూడో క్వార్టర్‌కే బయటికి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు విజిల్‌కు భయపడి డిఫెన్సే మానేస్తారు.

చేతుల సంగతి పీడీ గారు సరిగ్గానే పట్టుకున్నారు. అయితే కాలు ఆలస్యమైనప్పుడే చేయి ముందుకు పోతుంది. అందుకని చేతుల జోలికి వెళ్లకుండా కాళ్లనే ఫోనులో తీశాను. ఎండ్ లైన్ దగ్గర పుస్తకాల సంచులు పేర్చి, ఫోను మోకాలి ఎత్తున ఉండేలా ఆనించి, స్లో మోషన్‌లో రికార్డు చేశాను. నిలబడి తీస్తే చూపంతా బంతి మీదికీ చేతుల మీదికీ పోతుంది. మోకాలి ఎత్తు నుంచి తీస్తే పాదాలు అబద్ధమాడలేవు.

వీడియోలో ఏమున్నది

మొదట కంటబడింది నడుము. "డిఫెన్స్!" అని కేక వినగానే అందరూ వంగారు. మోకాళ్లూ తుంటి అలాగే ఉన్నాయి, నడుము మాత్రమే వంగింది. తల పాదాలను దాటి ముందుకు పోయింది, చూపు నేలకు దిగింది. మన మైదానాల్లో ఏ కోర్టు పక్కన నిలబడినా వినిపించేది "కిందికి వంగు, ఇంకా కిందికి!" అన్న కేకే. పీడీలు అరుస్తారు, సీనియర్లు అరుస్తారు, చూడటానికి వచ్చిన తండ్రులూ అరుస్తారు. పిల్లలు మాట వింటారు, వంగుతారు. ఎక్కడ వంగాలో ఎవరూ చెప్పలేదు కనుక సులువుగా వంగేచోట వంగుతారు.

రెండోది మొదటి అడుగు. కుడికి వెళ్లాల్సి వస్తే కుడికాలిని దూరంగా చాచి నేలను అందుకునేవాళ్లు, ఆ తర్వాత ఎడమకాలిని ఈడ్చుకొచ్చి దాని పక్కన చేర్చేవాళ్లు. రెండు పాదాలూ కలిసిన ఆ క్షణంలో శరీరం కింద ఆధారం అంటూ ఏమీ మిగలదు, ఏ వైపుకూ తోసుకోవడానికి వీలుండదు. డ్రిబుల్ చేసే అమ్మాయికి ఈ లెక్కలేవీ తెలియకపోయినా సరిగ్గా అప్పుడే దాటిపోతుంది. ఇద్దరు ముగ్గురు దీనికి తోడు స్లైడ్ చేస్తూ, అంటే పక్కకు జరుగుతూ, ఎగిరేవాళ్లు, తల పైకీ కిందికీ ఊగేది. గాల్లో ఉన్నంతసేపు దిశ మార్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆగడం ఒక్కటీ ఒక ఎత్తు. బంతి ఉన్న అమ్మాయి గక్కున ఆగితే మా డిఫెండర్ అదే ఊపులో ఇంకో రెండడుగులు పోయేది. తిరిగి వచ్చేలోపు షాట్ వేయడం అయిపోయేది. వీడియోను పీడీ గారికి చూపించి, వీళ్లకు ముందు ఆగడం నేర్పుతానని, ఆ తర్వాతే కదలడమని చెప్పాను. ఆయన నా వైపు కొంచెం అనుమానంగానే చూశారు. ఇరవై నిమిషాలు కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు స్లైడ్‌లు చేయించే మనిషి ఆయన.

ఆ పద్ధతి మీద నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. కోర్టు పొడవు 28 మీటర్లు. మ్యాచ్‌లో 28 మీటర్లు పక్కకు స్లైడ్ చేసే ఆటగాడు ఎక్కడా ఉండడు. రెండు మూడు స్లైడ్‌లు, ఆ తర్వాత ఆగడమో, దిశ మార్చడమో, దాటిపోయినవాళ్ల వెంట తిరిగి పరిగెత్తడమో జరుగుతుంది. పిల్లలు ఐదారు స్లైడ్‌ల తర్వాత అలసి లేచి నిలబడతారు, పాదాలు దగ్గరికి వచ్చేస్తాయి. మిగతా దూరమంతా వాళ్లు సాధన చేసేది ఆ తప్పునే.

నేల సంగతి

బాగు చేయడం మొదలుపెట్టింది చీపురుతో. సిమెంటు కోర్టు, చుట్టూ మట్టి మైదానం. పొద్దున ఆరింటికి వచ్చేసరికి సన్నటి దుమ్ము పొరలా పరుచుకుని ఉండేది. సగం మంది తొడుక్కున్నది స్కూలు యూనిఫారంతో వచ్చే కాన్వాస్ బూట్లు, అడుగు అరిగి నున్నగా అయినవి. దుమ్ము మీద నున్నటి బూటుతో గట్టిగా తోస్తే కాలు జారుతుంది. ఒకటి రెండుసార్లు జారిన పిల్ల ఇక తోయడమే మానేసి, చిన్న చిన్న అడుగులు వేస్తూ భద్రంగా కదలడం నేర్చుకుంటుంది. వీడియోలో మేం లోపమనుకున్నదాంట్లో కొంత భాగం నిజానికి జాగ్రత్త.

రోజూ వంతుల వారీగా కోర్టు ఊడవడం, పక్కన తడి గోనెసంచి పరిచి ప్రతి డ్రిల్ ముందు బూట్ల అడుగులు దాని మీద రుద్దడం, ఇవి రెండూ నియమాలయ్యాయి. పట్టు దొరికేసరికే ఇద్దరి అడుగు దానంతట అదే పొడవైంది. ఖరీదైన బూట్లు కొనమని తల్లిదండ్రులకు చెప్పే ముందు ఏ కోచ్ అయినా ఒక గోనెసంచి తడిపి చూడటం మంచిది.

ఆగడం

ఆగడానికి నేను వాడుకున్నది తొక్కుడుబిళ్ల. ఈ పిల్లలకు ఒంటికాలి మీద గెంతడం కొత్తగా నేర్పాల్సిన పనిలేదు, ఊహ తెలిసినప్పటి నుంచీ వీధిలో గెంతుతున్నారు. సుద్దతో కోర్టు మీద గళ్లు గీసి ఒకే ఒక్క నియమం మార్చాను. ప్రతి గడిలో దిగాక కదలకుండా రెండు అంకెలు లెక్కపెట్టాలి. తూలితే, రెండో కాలు నేలకు తగిలితే, మడమ తిరిగితే ఔట్. తర్వాత గళ్లను ముందుకు కాకుండా పక్కలకు గీశాను. ఎడమకాలి మీద నుంచి కుడికి గెంతి కుడికాలి మీద దిగి ఆగడం, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి.

ఈ ఆటలోనే ఎవరి మోకాలు ఎలా ఉన్నదీ బయటపడింది. దిగినప్పుడు మోకాలి చిప్ప కాలివేళ్ల దిశలోనే ఉండాలి. ముగ్గురికి లోపలికి వాలుతోంది. యుక్తవయసు దాటిన అమ్మాయిల్లో, ఏసీఎల్ అని పిలిచే మోకాలి లోపలి లిగమెంటు దెబ్బతినడం అదే ఆట ఆడే అబ్బాయిల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఎగిరి దిగేటప్పుడు, హఠాత్తుగా దిశ మార్చేటప్పుడు మోకాలు లోపలికి కుంగడం ఆ గాయాల్లో తరచూ కనిపించే భంగిమ. కాబట్టి ఆ ముగ్గురి విషయంలో డిఫెన్స్ కంటే ముందు ఇదే సరిచేయాల్సి వచ్చింది. గెంతే దూరం తగ్గించి, తుంటిని వెనక్కి పంపి దిగమన్నాను. కుర్చీలో కూర్చోబోయి ఆగినట్టు అన్న పోలిక అందరికీ వెంటనే ఎక్కింది. ఎదురుగా ఫోను పెట్టి ఎవరి మోకాలు వాళ్లకే చూపించాను. మాటలకంటే అది త్వరగా పనిచేసింది.

తర్వాత పరుగులోంచి ఆగడం. మెల్లగా పరుగు, చప్పట్లు వినగానే రెండు పాదాల మీద ఆగి స్టాన్స్‌లో ఉండిపోవడం. పాదాలు భుజాల కంటే కొంచెం ఎడంగా, బరువు పాదాల ముందు భాగం మీద, ఛాతీ ఎత్తి, తల రెండు పాదాల మధ్య. జతగా ఉన్న అమ్మాయి భుజం మీద వేళ్లతో ఒక వైపు నుంచి నెమ్మదిగా తోస్తుంది. ఏ వైపు నుంచి తోసినా నిలబడితే స్టాన్స్ సరిగ్గా ఉన్నట్టు. "మడమల మీద ఉన్నావు" అని నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది, తూలినవాళ్లకు తెలిసిపోయేది.

స్టాన్స్ ఎంత లోతుగా ఉండాలన్న దానికి ఒకే కొలత పెట్టలేదు. జట్టులో అందరికంటే పొడవైన అమ్మాయి ఏడాదిలో హఠాత్తుగా ఎదిగింది. అమ్మాయిల్లో ఈ ఎదుగుదల ఉధృతి సుమారుగా పన్నెండేళ్ల దగ్గర, అబ్బాయిల్లో మరో రెండేళ్ల తర్వాత వస్తుంది. కాళ్లు ముందు పొడుగవుతాయి, వాటిని అదుపు చేసే కండబలం వెనకబడి వస్తుంది. అంతకుముందు చక్కగా ఆడిన పిల్లే ఆ నెలల్లో తడబడుతుంది. దాన్ని సోమరితనమని తిట్టిపోస్తే ఆ పిల్ల ఆటే వదిలేస్తుంది. ఈ అమ్మాయికి పాదాలు ఇంకాస్త ఎడం చేసి, మోకాళ్లు తక్కువ వంచమన్నాను. పొట్టి పిల్లలంత కిందికి దిగమని ఆమెను బలవంతపెట్టడంలో అర్థం లేదు. మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అని ఒకసారి చెప్పింది. ఎదిగే వయసులో ఆటలాడే పిల్లల్లో ఇది మామూలే అయినా ఇంట్లో చెప్పి డాక్టరుకు చూపించమన్నాను. సిమెంటు మీద గెంతులు ఆమెకు మాన్పించి, పక్కనే ఉన్న మట్టి మీద ఆగే సాధన చేయించాను.

తోయడం

కుడికి పోవాలంటే ఎడమకాలితో నేలను ఎడమకు తోయాలి. నేల మనిషిని కుడికి పంపుతుంది. న్యూటన్ మూడో సూత్రం వీళ్ల సైన్సు పుస్తకంలోకి పై తరగతుల్లో వస్తుంది, కోర్టులో కాస్త ముందే వచ్చేసింది. ఈ ఒక్క మాట అర్థమైతే ముందుకాలిని చాచి ఈడ్చుకునే అలవాటు పోతుంది. "పక్కకు జరుగు" అని చెప్పడం మానేసి "వెనక కాలితో తోయి" అన్నాను. వెనక కాలు అంటే వెళ్లే దిశకు వెనకున్నది. మొదటి రోజు దాని మీదే పెద్ద గందరగోళం నడిచింది. చివరికి పిల్లలే దానికి "తోపు కాలు" అని పేరు పెట్టుకున్నారు.

చాలా రోజుల పాటు ఒకే ఒక్క అడుగు. తోయడం, దిగడం, ఆగడం. తోసిన కాలు వచ్చి ముందుకాలికి తగలకూడదు, మధ్యలో కనీసం ఒక బంతి పట్టే ఎడం మిగలాలి. నిజంగానే ఒక పాత బంతిని మధ్యలో పెట్టి చూసుకునేవాళ్లు. తప్పును పట్టేసింది చెవి. ఈడ్చే కాలు సిమెంటు మీద సర్రున గీరుతుంది, తోసే కాలు టక్కున లేస్తుంది. కళ్లు మూసుకుని ఎవరి అడుగు ఏదో చెప్పే పోటీ పెడితే, నాకంటే వాళ్లే ఎక్కువసార్లు గెలిచారు.

పాత సైకిల్ ట్యూబును నడుముకు చుట్టి జతగా ఉన్న అమ్మాయి వెనక నుంచి పట్టుకునే డ్రిల్ కూడా వాడాను. ఎక్కువమందికి తోయడమంటే ఏమిటో శరీరానికి తెలిసింది. ఒకమ్మాయి మాత్రం ట్యూబు మీద వాలిపోయి దాని ఆసరాతో నిలబడటం మొదలుపెట్టింది, విప్పగానే పక్కకు పడిపోయేది. ఆమెకు ట్యూబు తీసేసి మళ్లీ తొక్కుడుబిళ్ల దగ్గరికి పంపాను.

ఒక అడుగు కుదిరాక రెండు, ఆ తర్వాత దిశ మార్పు. డ్రిబుల్ చేసే అమ్మాయి దిశ మార్చినప్పుడు డిఫెండర్ పాదాన్ని వెనక్కి తిప్పి తుంటిని తెరిచే అడుగును డ్రాప్ స్టెప్ అంటాం. ఏ పాదం ముందుకు ఉంటే ఆ వైపే దాడి జరుగుతుంది, ఎందుకంటే అటు తిరగడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఈ సంగతి చెప్పగానే ఆ పిల్లలు డిఫెన్స్ కంటే ముందు దాడిలో వాడుకున్నారు. ఎదుటివాళ్ల ముందు పాదం వైపే డ్రిబుల్ చేయడం మొదలెట్టారు. నాకు సంతోషమే. దాడి చేసేవాళ్లు అలా పరీక్షిస్తే డిఫెండర్ కాళ్లు ఇంకా త్వరగా నేర్చుకుంటాయి.

అద్దం డ్రిల్‌ను బుట్ట ముందు గీసి ఉండే ఫ్రీ త్రో లేన్ వెడల్పులోనే ఆడించాను, అది 4.9 మీటర్లు. ఒకరు కదులుతారు, ఎదురుగా ఉన్నవాళ్లు నీడలా అనుసరిస్తారు, ఏడెనిమిది సెకన్లలో ముగుస్తుంది. అలసట రాకముందే ఆపడం నా నియమం. డిఫెండర్ రెండు చేతుల్లోనూ టెన్నిస్ బంతులు. పట్టుకోవడానికీ లాగడానికీ వేళ్లు ఖాళీ ఉండవు. చూపు ఎక్కడ ఉండాలంటే ఎదుటివాళ్ల బొడ్డు దగ్గర. కళ్లు మోసం చేస్తాయి, బంతి మోసం చేస్తుంది, భుజం కూడా చేస్తుంది. నడుము మటుకు వెళ్లే దారినే పోతుంది.

దాటిపోయినప్పుడు స్లైడ్ చేస్తూ పట్టుకోవాలని చూడకూడదు, తిరిగి పరిగెత్తి ముందుకు వచ్చి మళ్లీ స్టాన్స్‌లోకి రావాలి. ఇది చాలామంది కోచ్‌లు తప్పు అంటారు. "క్రాస్ కాలు వేయకు" అన్నది మరో పాత కేక. నా లెక్కలో ఆ నియమం బంతి ఎదురుగా ఉన్నంతసేపే. ఎదుటివాళ్లు దాటిపోయాక కూడా పక్కకే జరుగుతూ ఉంటే చేయి తప్ప ఇంకేం మిగులుతుంది? ఫౌల్ అక్కడే పుడుతుంది.

కబడ్డీ పిల్ల

జట్టులో ఒకమ్మాయి స్కూలు కబడ్డీ జట్టులో కూడా కార్నర్‌గా, అంటే వరుస చివర నిలబడి రైడర్‌ను పట్టే డిఫెండర్‌గా, ఆడుతుంది. పొట్టిగా ఉంటుంది. తుంటి కిందికి, ఛాతీ పైకి, బరువు రెండు పాదాల మీద సమంగా, అన్నీ మొదటి రోజే ఉన్నాయి. నేను నేర్పాలనుకున్న సగం పాఠం ఆమెకు కబడ్డీ సారు ఎప్పుడో నేర్పేశారు. చిక్కల్లా రైడర్ కాలు దొరకగానే ముందుకు దూకి పట్టే అలవాటుతో వచ్చింది. డ్రిబుల్ చేసే అమ్మాయి ఒక అడుగు ముందుకు వేయగానే ఈమె బంతి మీదికి దూకేది. బంతి వెనక్కి పోయేది, ఈమె ముందుకు పోయేది.

దూకవద్దని చెబితే ఆమెలోని చురుకుదనం కూడా చచ్చిపోతుందని అనిపించింది. అందుకే దూకడానికి అనుమతి ఉన్న సమయం చెప్పాను. ఎదుటివాళ్లు డ్రిబుల్ ఆపేసి బంతిని రెండు చేతుల్లో పట్టుకున్నప్పుడు ఒక మీటరు లోపలికి వెళ్లి చురుగ్గా ఒత్తిడి పెట్టొచ్చు. అలా దగ్గరగా కాపలా కాస్తే ఐదు సెకన్లలోపు పాస్ చేయడమో, షాట్ వేయడమో జరగాలి, లేకపోతే బంతి మనదే. డ్రిబుల్ నడుస్తున్నంతసేపు ముందుకు పోవడం లేదు. వేట ఎప్పుడో తెలిశాక ఆమె ఓపిక పట్టింది, చాలావరకు.

నియమం చెప్పడం

సాధనలో సగం మార్పు నిబంధన వివరించిన రోజునే వచ్చిందంటే అతిశయోక్తి కాదు. పిల్లలందరూ డిఫెండర్ రాయిలా కదలకుండా నిలబడితేనే చార్జ్, అంటే వచ్చి ఢీకొట్టినవాళ్ల మీద ఫౌల్, ఇస్తారని అనుకున్నారు. పెద్దవాళ్లలో కూడా ఈ అపోహ ఉంది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధన ప్రకారం డిఫెండర్ ముందుగా ఎదుటివారికి ఎదురుగా తిరిగి, రెండు పాదాలూ నేల మీద ఉండేలా స్థానం తీసుకోవాలి. ఒకసారి తీసుకున్నాక ఆ స్థానాన్ని కాపాడుకోవడానికి పక్కలకో, వెనక్కో కదలొచ్చు. క్షణకాలం పాదాలు నేల నుంచి లేచినా ఫరవాలేదు. ఢీకొట్టింది ఛాతీ మీద అయితే డిఫెండర్ ముందే అక్కడికి చేరినట్టు లెక్క.

దీన్ని నేల మీద గీసి చూపించాక పిల్లల ముఖాలు మారాయి. కాళ్లు కదిపితే లాభం ఉందని, చేయి చాపితే నష్టమని వాళ్లకు లెక్క తెలిసింది. ఛాతీతో అడ్డం నిలబడటానికి భయపడేవాళ్లకు పడటం కూడా నేర్పాను, గడ్డం ఛాతీకి ఆనించి పిరుదుల మీద జారడం. అది మాత్రం మట్టి మీదే, సిమెంటు మీద ఎన్నడూ కాదు.

ఈలోగా తల్లిదండ్రుల నుంచి ఒత్తిడి వచ్చింది. "సార్, మా అమ్మాయికి షూటింగ్ ఎప్పుడు నేర్పుతారండీ? ఇంట్లో వంటగదికీ హాలుకీ మధ్య పక్కకు నడుస్తోంది, కూరగిన్నె పట్టుకుని కూడా" అని ఒక తల్లి నిలదీశారు. కూర ఒలికిందా అని అడిగాను. లేదన్నారు. అయితే బ్యాలెన్సు కుదురుతోందని చెప్పాను. ఆమె నవ్వారు కానీ షూటింగ్ ప్రశ్నను వదల్లేదు. సాధన చివర పావుగంట షూటింగ్ చేర్చి సంధి చేసుకున్నాం.

ఫలితం

పీడీ గారి దగ్గరున్న పాత స్కోర్ షీట్లతో పోల్చి చూశాను. ముందు దాదాపు ప్రతి క్వార్టర్‌లోనూ ఐదో ఫౌల్ దాటేవాళ్లు. ఆ సీజన్ చివరి మ్యాచ్‌లలో ఎక్కువ క్వార్టర్లు నాలుగు లోపే ముగిశాయి. ప్రత్యర్థులు వేరు, రెఫరీలు వేరు, కాబట్టి ఈ పోలికకు ఇవ్వాల్సినంత విలువే ఇస్తున్నాను. నేను ఎక్కువ నమ్మేది వీడియోను. పాదాలు కలవడం బాగా తగ్గింది, గక్కున ఆగిన అమ్మాయి ముందు మా డిఫెండర్ కూడా ఆగుతోంది. పొడవైన అమ్మాయి స్టాన్స్ ఇప్పటికీ చూడటానికి అందంగా ఉండదు, కానీ ఆమెను దాటి నేరుగా బుట్ట కిందికి వెళ్లడం ఎదుటివాళ్లకు కష్టమైంది.

కుదరనివీ ఉన్నాయి. ఎడమవైపుకు పోవడం, అంటే కుడికాలితో తోసే పని, సగం మందికి ఇంకా బలహీనమే. దూరం నుంచి షూటర్ మీదికి పరిగెత్తి చిన్న అడుగులతో ఆగే క్లోజ్ అవుట్‌ను మొదలుపెట్టాం కానీ మ్యాచ్ వేడిలో అందరూ ఆగకుండా దూసుకెళ్తున్నారు. బంతికి దూరంగా ఉన్నప్పుడు ఎక్కడ నిలబడాలన్న హెల్ప్ డిఫెన్స్ జోలికి ఇంకా వెళ్లలేదు, సొంత కాళ్లు నిలవనిదే పక్కవాళ్లకు సాయం ఎక్కడిది?

మోకాలు లోపలికి వాలిన ముగ్గురిలో ఇద్దరికి సరయింది. మూడో అమ్మాయికి ఎడమ మోకాలు అలసినప్పుడల్లా మళ్లీ వాలుతోంది. ఆమెకు తుంటి పక్క కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు విడిగా ఇచ్చాం, మ్యాచ్‌లో వరుసగా రెండు క్వార్టర్లు ఆడించడం లేదు, ఫిజియోథెరపిస్టుకు చూపించమని ఇంట్లో చెప్పాను. పీడీ గారు కోర్టు పొడవునా స్లైడ్‌లు మానేశారు. వచ్చే విద్యా సంవత్సరం అబ్బాయిలకు కూడా ఇదే క్రమం కావాలంటున్నారు. వాళ్లలో ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు ఎదుగుదల ఉధృతిలో ఉంటారు కాబట్టి, జూన్‌లో బడి తెరవగానే గోడ మీద గీతలు పెట్టి నెలనెలా ఎత్తు కొలవమన్నాను. ఎవరు త్వరగా పెరుగుతున్నారో చూసుకుని వాళ్లకు గెంతులు తగ్గించి మొదలుపెడతాం.